టీకా వేసి పంపేస్తే సరిపోదు, గాయంలోకి సీరం ఎక్కించాలి: కుక్కకాటు చికిత్సపై బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్యారోగ్య, పశుసంవర్ధక, పురపాలక, పంచాయతీరాజ్ శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా వైద్యారోగ్య అధికారులకు,

నమస్కారం.

కుక్కకాటు చికిత్సలో ఏళ్లుగా సాగుతున్న ఒక లోపం గురించి సంబంధిత కార్యాలయాలకు ఇదివరకే రాసి ఇచ్చాం. కాగితం ముట్టినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత కబురు లేదు. ఈలోపు కుక్కలు కరుస్తూనే ఉన్నాయి, జనం ఆసుపత్రుల మధ్య తిరుగుతూనే ఉన్నారు. అందుకే అదే విషయాన్ని ఇప్పుడు అందరి ఎదుటా మీ ముందు పెడుతున్నాం.

చర్మం చీలి రక్తం వచ్చేలా కుక్క కరిస్తే దాన్ని మూడో కేటగిరీ కాటు అంటారు. దానికి టీకా ఒక్కటే చాలదు. అదే రోజు గాయం లోపలా, చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలి. ఆసుపత్రుల్లో అందరూ ‘సీరం’ అనేది దీన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన జాతీయ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. కానీ మండల స్థాయిలో టీకా దొరికినంతగా సీరం దొరకదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) శాస్త్రవేత్తలు 15 రాష్ట్రాల్లోని 60 జిల్లాల్లో సర్వే చేస్తే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 80 శాతం చోట్ల టీకా ఉంది, సీరం ఉన్నది దాదాపు 20 శాతం చోట్లే. ఆ సర్వే ఆధారంగా వేసిన అంచనా ప్రకారం దేశంలో ఏటా దాదాపు 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయి, వాటిలో నాలుగింట మూడొంతులు కుక్కకాట్లే. రేబిస్‌తో చనిపోతున్నవారు ఏటా 5,700 మందికి పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత అంచనా ఇంతకు మూడు రెట్లు ఉండేది. ఏ లెక్క తీసుకున్నా, ఇవన్నీ సకాలంలో చికిత్స అందితే ఆగే మరణాలే.

సీరం ఎందుకు తప్పనిసరో తెలియాలంటే గాయంలో ఏం జరుగుతుందో చూడాలి. రేబిస్ వైరస్ చాలా చిన్నది. సుమారు 12 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, ఐదే ఐదు ప్రోటీన్లు, పైన కొవ్వు పొర. ఆ పొర మీద పొడుచుకొని ఉండే జి గ్లైకోప్రోటీనే దాని తాళంచెవి. కుక్క చొంగతో పాటు కండరంలో పడ్డ వైరస్, నరం కొస కండరాన్ని కలిసే చోట ఉన్న గ్రాహకాలకు ఈ ప్రోటీన్‌తో అతుక్కుని నరంలోకి దూరుతుంది. కొసల నుంచి కణం వైపు సరుకు మోసుకెళ్లే ఏర్పాటు ప్రతి నరంలోనూ ఉంటుంది. వైరస్ దాన్నే పట్టుకుని వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. నరం లోపలికి వెళ్లాక, వైరస్‌ను పట్టి ఆపే యాంటీబాడీలు రక్తంలో తిరుగుతున్నా వాటికి అది చిక్కదు. పైగా దాని పి ప్రోటీన్ మన కణాలు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ హెచ్చరికను నొక్కేస్తుంది. ఒంట్లో వైరస్ ఉందన్న సంగతే రోగనిరోధక వ్యవస్థకు చాలాకాలం అందదు.

కాబట్టి దాన్ని పట్టుకోగలిగేది నరంలోకి వెళ్లకముందే, గాయంలో ఉండగానే. టీకా వేశాక శరీరం సొంతంగా తగినన్ని యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ వారం రెండు వారాలూ గాయంలోని వైరస్‌ను ఆపాల్సింది సీరంలోని తయారు యాంటీబాడీలే. కాలి పిక్క మీద కాటైతే వైరస్‌కు దారి పొడవు ఎక్కువ, టీకాకు సమయం దొరకవచ్చు. ముఖం, తల, మెడ, అరచేయి, వేళ్ల కొసలు, మర్మాంగాలు వేరు. అక్కడ నరాల కొసలు దట్టంగా ఉంటాయి, కొన్నిచోట్ల మెదడుకు దారీ పొట్టే. 2025 ఏప్రిల్, మే నెలల్లో కేరళలో టీకా మొదలుపెట్టిన చిన్నపిల్లలు కూడా రేబిస్‌తో చనిపోయారు. వాళ్లలో తలకు కాటు పడ్డ పాప ఉంది. పిల్లల ఎత్తు తక్కువ కాబట్టి కుక్క ఎగబడితే కాటు పడేది మొహం మీదే. ప్రపంచంలో రేబిస్ బారిన పడేవారిలో సుమారు 40 శాతం 15 ఏళ్లలోపు వాళ్లే.

లక్షణాలు మొదలయ్యాక నయం చేసే మందు ఈనాటికీ లేదు. 2004లో అమెరికాలో ఒక అమ్మాయిని కోమాలో ఉంచి బతికించిన మిల్వాకీ పద్ధతి మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎన్నోచోట్ల ప్రయత్నించినా అది పనిచేయలేదు, నిపుణులు దాన్ని పక్కన పెట్టేశారు. ఎలుకల్లో వ్యాధి ముదిరాక కూడా ఒక మానవ మోనోక్లోనల్ యాంటీబాడీ (ల్యాబులో తయారుచేసే ఒకే రకం యాంటీబాడీ) ప్రాణం నిలబెట్టిందని 2023లో ఒక పరిశోధన వచ్చింది. యాంటీబాడీతో పాటు రోగనిరోధక వ్యవస్థలోని సీడీ4 టీ కణాలూ కలిసొస్తేనే ఆ ఫలితం దక్కిందని అందులో తేలింది. మంచి కబురే. కానీ ఎలుకల నుంచి మనుషుల దాకా ఆ దారి చాలా పొడవు. ఇవాళ మన మండలంలో కాటు తిన్న మనిషికి పనికొచ్చేవి మూడే: సబ్బు నీళ్లు, సీరం, టీకా.

ఇక క్షేత్రంలో ఏం జరుగుతోంది, అది ఎవరి మీద పడుతోంది అన్నది వరసగా చెబుతాం.

1. గాయం కడగటం. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సబ్బు వైరస్ పైనున్న కొవ్వు పొరను కరిగించేస్తుంది. ఇంతకన్నా చవకైన వైద్యం లేదు. అయినా ఎన్నో ఆసుపత్రుల్లో కాటు గదిలో కుళాయే ఉండదు. దూదితో స్పిరిట్ అద్ది సూదికి పంపేస్తారు. ఇంటి దగ్గర కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకు పసరు పెట్టుకొచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటి మంటకు కండ రేగి వైరస్ ఇంకా లోపలికి పోతుంది. వాటిని కడిగేయడానికైనా కుళాయి కావాలి.

2. ‘ఇంకో ఇద్దరు వస్తే వయల్ (మందు సీసా) తెరుస్తాం.’ చర్మం పొరలో వేసే పద్ధతిలో ఒక్కో విడతకు 0.1 మి.లీ. చొప్పున రెండు భుజాలకు, అంటే 0.2 మి.లీ. పడుతుంది. 0 (తొలి విడత పడే రోజు), 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలకు మొత్తం 0.8 మి.లీ. అదే కండకు వేస్తే ఐదు వయల్స్ కావాలి. పొదుపు మంచిదే, ఈ పద్ధతిని మేమూ సమర్థిస్తాం. అయితే తెరిచిన వయల్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి 6 నుంచి 8 గంటల్లో వాడేయాలి. అరమిల్లీ లీటరు వయల్ ఇద్దరికి సరిపోతుంది. రోజుకు ఒక్కరే వచ్చే పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) మిగిలింది పారబోయాలి. స్టాకు రిజిస్టరులో వృథా కనపడితే సంజాయిషీ అడుగుతారన్న భయంతో సిబ్బంది ‘రేపు రండి’ అంటున్నారు. ఆ భయం పైనుంచి వచ్చింది, కాబట్టి పైనుంచే పోవాలి. రేపు రమ్మన్న మనిషి మిరపకాయలు ఏరే కూలీ అయితే, రేపటి కూలి పోగొట్టుకుని మళ్లీ రాడు.

3. సీరం కోసం జిల్లా కేంద్రానికి రిఫర్. చీటీ రాసిచ్చినంత మాత్రాన రోగి చేరినట్టు కాదు. ఆటో, బస్సు, తోడుకు ఒక మనిషి, ఇద్దరి కూలి పోతాయి. వెళ్లాక కూడా సీరం వేసే టైము అయిపోయిందనో, స్టాకు లేదనో, బయట కొనుక్కురమ్మనో అంటే అక్కడితో చాలామంది ఆగిపోతారు. మనుషుల రక్తం నుంచి తీసిన సీరం అయితే కిలోకు 20 యూనిట్ల చొప్పున 60 కిలోల మనిషికి 1,200 యూనిట్లు కావాలి, అంటే 300 యూనిట్ల వయల్స్ నాలుగు. రోజుకూలీ చేసే కుటుంబానికి అది అప్పు చేసినా అందని ఖర్చు. ఒక్క టీకా వేయించుకొని ‘సూది వేశారు కదా’ అని ఊరికెళ్లిపోతారు.

4. సూది పడాల్సిన చోట పడకపోవడం. చర్మం పొరలో సరిగా వేస్తే నారింజ తొక్కలా చిన్న బొబ్బ లేవాలి. బొబ్బ లేవలేదంటే మందు కిందికి జారినట్టే, దగ్గరలో మళ్లీ వేయాలి. ఇన్సులిన్ సిరంజి లేక రెండు మి.లీ. సిరంజితో వేస్తే 0.1 మి.లీ. కొలత కుదరదు. కొందరు టీకాను పిరుదుకు వేస్తున్నారు. అక్కడ కొవ్వు ఎక్కువ, మందు సరిగా పట్టదు. సీరం దొరికిన చోట కూడా దాన్ని గాయంలో కాక పిరుదుకో తొడకో వేసి ఊరుకున్న కేసులున్నాయి. అలా వేసిన సీరం వైరస్ ఉన్న చోటికి తగినంత చేరదు.

5. సీరం ఎక్కకుండా కుట్లు. నుదురో బుగ్గో చీలితే ముందు కుట్లు వేసి, ఆ తర్వాత రిఫర్ చేస్తున్నారు. కుట్టు సూదితో వైరస్‌ను నరాల దాకా తీసుకెళ్లినట్టే. కుట్లు తప్పనిసరైతే సీరం ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, వదులుగా వేయాలి. ఇది ప్రాథమిక పాఠం. ఇంకా తప్పుతున్నారంటే గోడ మీద ఆ మాట రాసి లేదనే అర్థం.

6. అవసరం లేనివాళ్లకు పోతున్న టీకా. పిచ్చిపట్టిన గేదె పాలు తాగామని ఊరు ఊరంతా పీహెచ్‌సీ ముందు బారులు తీరడం మన పల్లెల్లో మామూలే. కాచిన పాలతో రేబిస్ రాదు. పచ్చిపాలు తాగినా దాన్ని కాటుతో సమానంగా చూడనక్కర్లేదు. ఊళ్లో ఆ మాట నమ్మకంగా చెప్పే మనిషి లేక, వంద మందికి వేసేస్తే వారం పాటు నిజంగా కాటు తిన్నవాళ్లకు మందు ఉండదు.

ఇంకొకటి. బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారన్న భయం పెద్దవాళ్లలో ఇంకా పోలేదు. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ భయంతోనే పసరు మందు ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్తున్నారు. మీ ప్రచార పోస్టర్లలో ‘సూది భుజానికే, బొడ్డుకు కాదు’ అన్న ఒక్క వాక్యం పెడితే ఎంతో మేలు జరుగుతుంది.

సీరం ఖరీదైనదనీ, కొరతగా ఉంటుందనీ, ప్రమాదకరమనీ మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మూడింటికీ జవాబులున్నాయి.

ముందు ఖర్చు సంగతి. గతంలో గాయంలో ఎక్కించగా మిగిలిన సీరంను దూరంగా కండకు వేసేవారు. శిమ్లాలో డాక్టర్ ఒమేశ్ భారతి, ఆయన సహచరులు గాయంలో మాత్రమే ఎక్కించి, మిగిలింది మరొకరికి వాడి, చాలా తక్కువ సీరంతో పని నడుస్తుందని చూపించారు. ఆయనకు 2019లో పద్మశ్రీ వచ్చింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే దారికి వచ్చింది: గాయంలో, చుట్టూ పట్టినంత ఎక్కించాలి, దూరంగా కండకు వేయనక్కర్లేదు. లెక్క చూడండి. గుర్రాల రక్తం నుంచి తీసే గుర్రం సీరం కిలోకు 40 యూనిట్లు. మి.లీ.కు 300 యూనిట్లు ఉండే రకమైతే 60 కిలోల మనిషికి గరిష్ఠంగా 2,400 యూనిట్లు, అంటే 8 మి.లీ. కానీ పిక్క మీద రెండు పంటి గాట్లు పడితే అందులో పట్టేది ఒకటి రెండు మి.లీ. మాత్రమే. మిగిలింది, శుభ్రంగా తీసి ఉంచితే, అదే రోజు మరో రోగికి పనికొస్తుంది. చిన్నపిల్లల్లో ఈ లెక్క తిరగబడుతుంది. 14 కిలోల పిల్లకు గరిష్ఠ మోతాదు 560 యూనిట్లు, రెండు మి.లీ. కూడా ఉండదు. మొహం, చేతుల మీద పది గాట్లుంటే అది చాలదు. అప్పుడు మోతాదు పెంచకూడదు. నార్మల్ సెలైన్‌తో రెండు మూడింతలు పలచన చేసి ప్రతి గాటుకూ అందేలా ఎక్కించాలి. వేలి కొసల్లో ఎక్కువ ఒత్తిడితో ఎక్కిస్తే రక్తప్రసారం ఆగే ప్రమాదం ఉంది, కాస్త కాస్తగా ఎక్కించాలి. ఇవి నర్సులకు ఒక పూటలో నేర్పగలిగిన పనులు.

ప్రమాదం సంగతి. గుర్రం సీరం అనగానే రియాక్షన్ భయం వస్తుంది. ఇప్పుడు తయారయ్యేది బాగా శుద్ధి చేసింది, తీవ్రమైన రియాక్షన్లు అరుదు. ముందుగా చేసే చర్మ పరీక్ష ఎవరికి రియాక్షన్ వస్తుందో చెప్పలేదు కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేయడం లేదు. రియాక్షన్ వస్తే వాడే అడ్రినలిన్, హైడ్రోకార్టిసోన్, ఆక్సిజన్ పక్కన పెట్టుకుని, వేశాక అరగంట కూర్చోబెట్టి చూస్తే సరిపోతుంది. ఈ మూడూ లేని సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) ఉందంటే అది రేబిస్‌ను మించిన సమస్య.

గుర్రం సీరం వద్దనుకుంటే మోనోక్లోనల్ యాంటీబాడీలున్నాయి. ఇవి కణాల కల్చర్‌లో తయారవుతాయి, గుర్రాలూ అక్కర్లేదు, మనుషుల రక్తమూ అక్కర్లేదు. మన దేశంలోనే రెండు రకాలు తయారై అనుమతి పొందాయి. ఒకటి ఒకే యాంటీబాడీతో, రెండోది రెండు యాంటీబాడీల మిశ్రమంతో. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మిశ్రమం ఎందుకంటే, వైరస్ ఒకచోట మారి ఒక యాంటీబాడీకి చిక్కకపోయినా రెండోదానికి చిక్కుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఒకే యాంటీబాడీ ఉన్న దాని మోతాదు కిలోకు 3.33 యూనిట్లు, మిశ్రమానిది కిలోకు 40 యూనిట్లు. పేరు చూడకుండా ఒకే యాంటీబాడీ దాని మోతాదు లెక్కన మిశ్రమాన్ని వేస్తే రోగికి పన్నెండో వంతే పడుతుంది. ఏ రకం కొన్నా, ఆ రకం మోతాదు పట్టిక పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ తలుపు మీద అంటించాలి.

కొరత సంగతి. టీకా తయారుచేసే పెద్ద కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, గుర్రం సీరం చేసే కంపెనీ కూడా తెలంగాణలోనే ఉంది. దూరం నుంచి తెప్పించుకోవాల్సిన రాష్ట్రాలం కాదు.

మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి సీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రి, బోధనాసుపత్రిలో 24 గంటలూ సీరం లేదా మోనోక్లోనల్ ఉండాలి. కాట్లు సాయంత్రం, రాత్రి కూడా పడతాయి, ఓపీ టైముకే ఆగవు. మంచి రోడ్డు లేని ఏజెన్సీ మండలాల్లో ఇది పీహెచ్‌సీ దాకా రావాలి. పాడేరు కొండల మీది ఊరి నుంచో ఆసిఫాబాద్ అడవి గూడెం నుంచో జిల్లా కేంద్రానికి పంపడమంటే చికిత్స ఇవ్వనట్టే.

2. వృథా భయం తీసేయండి. ఒక్క రోగి వచ్చినా వయల్ తెరవాలని, మిగిలింది పారబోస్తే సంజాయిషీ ఉండదని రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. ఒకరిద్దరే వచ్చే పీహెచ్‌సీల్లో రోగులను ఒకే రోజుకు సర్దడం రెండో విడత నుంచి ప్రయత్నించవచ్చు. తొలి విడతను మాత్రం ఒక్క పూట కూడా వాయిదా వేయకూడదు.

3. సీరం దొరకనప్పుడు ఏం చేయాలో స్పష్టంగా చెప్పండి. టీకా మొదలుపెట్టి 7 రోజులు దాటకపోతే సీరం ఎక్కించవచ్చు. ఆ తర్వాత శరీరమే యాంటీబాడీలు చేసుకుంటుంది కాబట్టి అక్కర్లేదు. కాబట్టి మొదటి రోజు సీరం లేకపోతే రోగిని వెనక్కి పంపకండి. గాయం కడిగి, టీకా వేసి, రెండు మూడు రోజుల్లో సీరంను రోగి దగ్గరికే తెప్పించండి. రోగి వంద కిలోమీటర్లు తిరగడం కన్నా ఐసు పెట్టెలో ఒక వయల్ తిరగడం తేలిక. ఇదివరకే పూర్తి టీకా వేయించుకున్నవారికి మళ్లీ కాటు పడితే సీరం అవసరం లేదు, 0, 3 రోజుల్లో రెండు విడతల టీకా చాలు. ఈ మాట తెలిస్తే కొంత సీరం ఆదా అవుతుంది.

4. స్టాకు ప్రజలకు కనిపించాలి. ఆసుపత్రుల నిల్వల లెక్క ఇప్పటికే ఈ-ఔషధి కంప్యూటర్లలో ఉంది. అందులోంచి టీకా, సీరం నిల్వ ఏ ఆసుపత్రిలో ఎంతుందో రోజూ అందరికీ కనిపించేలా పెట్టండి. కాటు తిన్న మనిషి ఎటు పోవాలో 104కు ఫోన్ చేస్తే చెప్పగలగాలి. నిల్వ నెల అవసరానికన్నా తగ్గగానే, అయిపోయేదాకా ఆగకుండా, ఇండెంటు వెళ్లాలి.

5. కాటు గదికి కనీస సామాను: మోచేతితో తెరిచే కుళాయి, సబ్బు, పోవిడోన్ అయోడిన్, ఒక మి.లీ. ఇన్సులిన్ సిరంజిలు, నార్మల్ సెలైన్, అడ్రినలిన్, బరువు చూసే యంత్రం. బరువు తెలియకుండా సీరం లెక్క కట్టలేరు. ఈ చివరిది చాలాచోట్ల ఉండదు, ఉన్నా పాడైపోయి ఉంటుంది.

6. నాలుగు విడతలూ పూర్తయ్యేలా వెంటపడాలి. మూడో విడత తర్వాత మానేసేవాళ్లే ఎక్కువ. తొలి రోజే ఫోన్ నంబరు తీసుకుని ఆశా కార్యకర్తకు పంపాలి. ఏ ఊరి పీహెచ్‌సీలో మొదలుపెట్టినా మరే ఊరిలోనైనా కొనసాగించుకునేలా కార్డు ఇవ్వాలి. వలస కూలీలకు, చెరుకు కోతలకు పోయేవాళ్లకు ఇది ప్రాణంతో సమానం. కరిచిన కుక్క కళ్లెదుటే ఉండి 10 రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే మిగతా విడతలు ఆపవచ్చు. లక్షణాలు కనపడటానికి కొద్ది రోజుల ముందు నుంచే కుక్క చొంగలో వైరస్ ఉంటుంది కాబట్టి ఈ లెక్క. కానీ ఆ పది రోజులు చూశాక టీకా మొదలుపెడదామనడం మాత్రం తప్పు.

7. కుక్కల టీకా వేరే పనిగా నడవాలి. మనుషులకు రేబిస్ వచ్చేది 99 శాతం కుక్కల నుంచే. 2021 సెప్టెంబర్ 28న కేంద్రం ప్రకటించిన జాతీయ ప్రణాళిక లక్ష్యం 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ లేకుండా చేయడం. ఏటా 70 శాతం కుక్కలకు టీకా అందాలి. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. ఒక పిచ్చికుక్క సగటున రెండింటికన్నా తక్కువ కుక్కలకే వ్యాధి అంటిస్తుంది, కాబట్టి 70 కన్నా తక్కువ శాతంతోనూ వ్యాప్తి ఆగాలి. అయితే వీధికుక్కల్లో చావులూ పుట్టుకలూ ఎక్కువ. టీకా వేసినవి పోయి, వేయని పిల్లలు వచ్చేస్తుంటాయి. ఏడాది చివరికి కూడా తగినంత మిగలాలంటే మొదట్లో 70 శాతం ఉండాలి. మన పట్టణాల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసిన కుక్కకే టీకా వేసి లెక్క ముగిస్తున్నారు. ఆ వేగంతో 70 శాతం ఎప్పటికీ రాదు. ఆపరేషన్లు జరగాలి, వాటితో నిమిత్తం లేకుండా వార్డు వార్డునా వలలతో పట్టి, టీకా వేసి, రంగు గుర్తు పెట్టి అక్కడే వదిలే దళాలు నడవాలి. గోవాలో ఇలా ఏటా 95 వేల దాకా కుక్కలకు టీకా వేశారు. కుక్కల్లో రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయి, 2017 తర్వాత కొన్నేళ్లపాటు మనుషుల్లో ఒక్క మరణమూ నమోదు కాలేదు. చేతికి చిక్కని కుక్కలకు ఎరలో పెట్టే నోటి టీకాల పరిశోధన ముందుకు సాగుతోంది. పడమటి యూరప్‌లో నక్కల రేబిస్ పోయింది అలాంటి ఎరలతోనే. ఇక్కడ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టడానికి మన పశువైద్య విశ్వవిద్యాలయాలు చాలు. విషం పెట్టి చంపడం చట్టవిరుద్ధం, పైగా పనికిరాదు. టీకా పడ్డ కుక్కలూ చస్తాయి, ఆ ఖాళీలోకి టీకా లేనివి వస్తాయి.

8. అనుమానంతో చచ్చిన కుక్క మెదడు ల్యాబుకు చేరాలి. మెదడు కాండం, చిన్న మెదడు ముక్కలు ఐసులో పంపాలి. ఫార్మలిన్‌లో వేస్తే, రేబిస్‌ను నిర్ధారించే ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్షకు చిక్కు వస్తుంది. తల కోసే పశువైద్య సిబ్బందికి, పారిశుద్ధ్య కార్మికులకు, కుక్కలు పట్టేవాళ్లకు ముందస్తు టీకా ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. ఈ పనిలో ఉన్న చాలామంది కాంట్రాక్టు మనుషులు, వాళ్లకు చేతి తొడుగులే సరిగా అందవు.

9. ప్రతి అనుమానిత మరణం లెక్కలోకి రావాలి. నీళ్లు చూసి వణికే రోగిని ఎవరైనా గుర్తుపడతారు. కానీ రేబిస్ రోగుల్లో సుమారు 20 శాతం మందికి ఆ భయమే ఉండదు. కాళ్లు చచ్చుబడి, గులియన్-బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బులా కనిపించి చనిపోతారు. అలాంటివారి చొంగ, మెడ వెనుక చర్మం ముక్క పీసీఆర్ పరీక్షకు వెళ్లాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ (జాతీయ మానసిక, నరాల వైద్య సంస్థ) ఈ పని చేస్తోంది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో బోధనాసుపత్రిలో ఇదే ఏర్పాటు కావాలి. మరణం తర్వాత ఆ మనిషికి టీకా ఏ రోజు పడింది, సీరం పడిందా, పడకపోతే ఎందుకు అన్న విచారణ నివేదికను, పేర్లు తీసేసి, బయటపెట్టండి.

10. లక్షణాలొచ్చిన మనిషిని ఇంటికి పంపేయకండి. బతకడని తెలిసినా, మసక వెలుతురు ఉన్న ప్రశాంతమైన గది, బాధను, ఆందోళనను తగ్గించే మార్ఫిన్, మిడజోలమ్ వంటి మందులు, నోరు తడపడానికి తడి గుడ్డ, పక్కన ఉండటానికి ఒక కుటుంబ సభ్యుడు, ఇవి ఇవ్వగలం. మంచానికి కట్టేసి తాళం వేయడం చికిత్స కాదు. మామూలు జాగ్రత్తలతో సేవ చేసే సిబ్బందికి వ్యాధి సోకదు. చొంగ కళ్లలో, నోట్లో, పచ్చి గాయంలో పడితే వారికీ టీకా, అవసరమైతే సీరం వెంటనే వేయాలి.

వీటిలో 2, 3 డిమాండ్లకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఒక్క ఉత్తర్వు చాలు, ఈ వారంలో ఇవ్వవచ్చు. 5కు కావాల్సింది చాలామట్టుకు ఆసుపత్రి అభివృద్ధి నిధుల్లోంచే వస్తుంది. 1కి కొనుగోలు కావాలి. టెండరు పిలిచే ముందు జిల్లావారీగా గతేడాది మూడో కేటగిరీ కాట్లు ఎన్నో తీసి, వాటి మీద సీరం లెక్క కట్టండి. టీకా వినియోగాన్ని బట్టి సీరం అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే పడుతుంది, ఎందుకంటే అడిగి లేదనిపించుకున్నవాళ్లు ఏ రిజిస్టరులోనూ ఉండరు.

ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. అందులో కనీసం రెండు విషయాలు ఉండాలి: ఇవాళ్టి తేదీకి ఏ సీహెచ్‌సీలో ఎన్ని సీరం వయల్స్ ఉన్నాయి, లేని చోట ఏ తేదీకల్లా వస్తాయి. మోతాదు పట్టికలు, గోడ పోస్టర్ల తెలుగు ప్రతులు, నర్సుల శిక్షణకు పాఠాలు తయారుచేసి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం, దానికి మాకు పైసా ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
ప్రజారోగ్యం, పశువైద్యం, మైక్రోబయాలజీ, నర్సింగ్, ఫార్మసీ రంగాల్లో పనిచేస్తున్న, పనిచేసి రిటైరైన కొందరు
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ